ఉత్తరుడి కథ ఎవరు చెప్పాలి?

సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల ఇంటర్వ్యూల్లో కోడ్ రాయించే గంట అయిపోయాక ఇంకో అరగంట మిగులుతుంది. కొన్ని కంపెనీల్లో దాన్ని హెచ్చార్ రౌండ్ అంటారు, కొన్నిట్లో మేనేజీరియల్ రౌండ్ అంటారు. పేరేదైనా అందులో ఒక ప్రశ్న దాదాపు తప్పదు: మీ టీంలో సరిగా పని చెయ్యని సహోద్యోగి ఎప్పుడైనా ఉన్నాడా, అతన్ని ఎలా హ్యాండిల్ చేశారు? ఉద్యోగం కోసం వెళ్ళిన ప్రతిచోటా ఈ ప్రశ్నకి జవాబు చెప్పాను. గత మూడేళ్ళుగా బల్లకి అటువైపు కూర్చుని నేనే అడుగుతున్నాను.

జవాబు కూడా దాదాపు ఒకటే వస్తుంది. "మా టీంలో ఒకతను ఉండేవాడు సార్. డెడ్‌లైన్లు తప్పేవాడు. ముందు విడిగా కాఫీకి తీసుకెళ్ళి మాట్లాడాను. సమస్య ఏమిటో అర్థం చేసుకున్నాను. ఇద్దరం కూర్చుని ఒక ప్లాన్ వేసుకున్నాం. రోజూ పావుగంట అతనితో గడిపాను. చివరికి రిలీజ్ టైముకి ఇచ్చేశాం. ఇప్పుడతను మంచి పెర్ఫార్మర్." కోచింగుల్లోనూ యూట్యూబ్ వీడియోల్లోనూ నేర్పే జవాబు ఇదే. వినీ వినీ నాకొక అనుమానం పట్టుకుంది. ఇన్ని వేలమంది వెనకబడ్డవాళ్ళని కాఫీలు తాగించి బాగుచేశారు కదా, ఆ బాగుపడ్డవాళ్ళలో ఒక్కడైనా ఇంటర్వ్యూకి రావాలి కదా? "వెనకబడింది నేనే సార్, ఫలానా ఆమె నన్ను కాఫీకి తీసుకెళ్ళింది" అన్న మనిషి చాలాకాలం నాకు తగల్లేదు.

ఈ ప్రశ్నని ఒకసారి తెలుగులో అడిగి చూడండి. "నీతో పనిచేసేవాళ్ళలో చేతగానివాడి గురించి చెప్పు." బడిలో అయితే దీన్ని చాడీ అంటారు. ఇంగ్లీషులో అడిగినప్పుడు ఆ వాసన రాదు. పైగా జవాబు చెప్పేవాడు దయగలవాడిలా కనబడతాడు. నాకు పేచీ అక్కడే ఉంది. వెనకబడ్డవాడికి సాయం చెయ్యడం మంచిపనే. ఆ సాయాన్ని, ఆ మనిషి లేనిచోట, మన అర్హతగా చెప్పుకోవచ్చా? ఇంతకీ ఆ కథ ఎవరిది?

ఇలాంటి ప్రశ్నలు ఎక్కణ్ణుంచి వచ్చాయో వెతికితే ఒక విచిత్రం కనబడుతుంది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో అమెరికా వైమానిక దళంలో పైలట్ శిక్షణ నుంచి తీసేసిన వాళ్ళని ఎందుకు తీసేశారో తెలుసుకోవడానికి మనస్తత్వ శాస్త్రవేత్తలు కొందరు పూనుకున్నారు. వాళ్ళ నాయకుడు జాన్ ఫ్లానగన్. శిక్షకులు రాసిన కారణాలు చూస్తే చాలావరకు ఊకదంపుడు మాటలు: పుట్టుకతో ఎగిరే నేర్పు లేదు, ఇలాంటివి. వీటివల్ల ఎవరికీ ఏమీ తెలియదు. అందుకని ముద్రలు వెయ్యొద్దు, ఫలానా రోజు ఫలానా మనిషి సరిగ్గా ఏం చేశాడో చెప్పండి అనే పద్ధతి పెట్టారు. 1954లో ఫ్లానగన్ ఆ పద్ధతి మీద వ్యాసం రాశాడు. మనిషి మీద వేసే ముద్ర నుంచి మనిషిని కాపాడ్డానికి పుట్టిన ఆలోచన అది. తర్వాత దశాబ్దాల్లో ఇంటర్వ్యూ నిపుణులు దీన్ని అందుకున్నారు. పరిస్థితి, పని, చర్య, ఫలితం అని నాలుగు మెట్లు కట్టి దానికి స్టార్ అని పేరు పెట్టారు. నాలుగు మెట్ల కథ చెప్పడం ఎవరైనా రెండు రోజుల్లో నేర్చుకోవచ్చు. ఇప్పుడు మళ్ళీ ఊకదంపుడే వింటున్నాం, కాకపోతే కథ రూపంలో.

మాది నెల్లూరు జిల్లా సముద్రపు ఒడ్డు. ఈ ప్రశ్న విన్నప్పుడల్లా నాకు మా జిల్లావాళ్ళే ఇద్దరు గుర్తొస్తారు, ఇద్దరూ ఒకే ఇంటివాళ్ళు. పదమూడో శతాబ్దంలో నెల్లూరు నేలిన మనుమసిద్ధి దగ్గర ఇద్దరు తిక్కనలు ఉండేవాళ్ళు, అన్నదమ్ముల బిడ్డలు. ఒకాయన మహాభారతం విరాటపర్వం నుంచి పదిహేను పర్వాలు తెలుగు చేసిన కవి తిక్కన సోమయాజి. ఇంకొకాయన సేనాని ఖడ్గతిక్కన.

ఖడ్గతిక్కన కథ చాటువుల్లోనూ కాటమరాజు కథల్లోనూ బతికింది. ఆవుల మందలతో నెల్లూరు సీమలో మేపుకి దిగిన కాటమరాజుకీ సిద్ధిరాజుకీ పుల్లరి దగ్గర తగాదా వచ్చింది. పుల్లరి అంటే పచ్చిక మీద కట్టే పన్ను. తగాదా ముదిరి యుద్ధమైంది. అందులో ఖడ్గతిక్కన ఓడి ఇంటికి తిరిగొచ్చాడు. భార్య చానమ్మ ఆయన స్నానానికి నీళ్ళు పెట్టింది. ఆడవాళ్ళకి పెట్టినట్టు మంచం అడ్డుపెట్టి, పక్కన పసుపుముద్ద కూడా పెట్టింది. భోజనం దగ్గర తల్లి ప్రోలమ్మ విరిగిన పాలు పోసింది. ఇదేమిటంటే, నువ్వూ విరిగొచ్చావు, పాలూ విరిగాయి అన్నది. ఆయన లేచి మళ్ళీ యుద్ధానికి పోయి చచ్చిపోయాడు. ఇందులో చరిత్ర పాలెంతో కథ పాలెంతో తేల్చడం పండితుల పని. మేము బడిలో దీన్ని వీరమాతల కథగా చదువుకున్నాం. చప్పట్లు కొట్టాం కూడా.

ఇప్పుడు చదివితే ఒళ్ళు చల్లబడుతుంది. ఆ ఇంట్లో ఎవరూ ఆయన్ని "ఏం జరిగింది?" అని అడగలేదు. సైన్యం ఎంత మిగిలింది, అవతల ఎంతమంది, వెనక్కి రావడం భయమా వ్యూహమా, ఇవేవీ ప్రశ్నలు కావు. వచ్చిన ఫలితం ఒక్కటే లెక్క. ఇంకోటి గమనించండి. ఆయన్ని తూచినవాళ్ళిద్దరూ ఆ యుద్ధంలో లేరు.

ఈయన తమ్ముడు వరసైన కవి తెలుగులో మొదలుపెట్టిన విరాటపర్వంలోనూ యుద్ధం చూసి పారిపోయినవాడు ఒకడున్నాడు, విరాటరాజు కొడుకు ఉత్తరుడు. ఆ ఇంటి గొడవకీ ఈ కావ్యానికీ ముడి ఉందని నేను అనడం లేదు. పక్కపక్కన పెట్టి చూస్తున్నాను, అంతే.

మనలో చాలామందికి ఉత్తరకుమారుడంటే 1963లో వచ్చిన 'నర్తనశాల'లో రేలంగి. కథ అందరికీ తెలిసిందే. కౌరవులు ఆవుల్ని తోలుకుపోతుంటే, ఊళ్ళో మిగిలిన ఉత్తరుడు సారథి లేడు గానీ లేకపోతేనా అని అంతఃపురంలో కోతలు కోస్తాడు. బృహన్నల సారథిగా దొరుకుతుంది. తీరా కౌరవసేన కనబడేసరికి రథం దూకి పరిగెత్తుతాడు. బృహన్నల రూపంలో ఉన్న అర్జునుడు అక్కణ్ణుంచి ఏం చేశాడో కొంచెం నిదానంగా చూడాలి. రథం మీద కూర్చుని తిట్టలేదు. జడ ఊగుతుంటే, కౌరవులు చూసి నవ్వుతుంటే, వాడి వెనకాలే పరిగెత్తాడు. పట్టుకున్నాడు. వదిలిపెడితే బంగారమిస్తా ఏనుగులిస్తా అని వాడు ఏడుస్తుంటే ధైర్యం చెప్పి, సరే యుద్ధం నువ్వు చెయ్యక్కర్లేదు, నేను చేస్తా, నువ్వు పగ్గాలు పట్టు అన్నాడు. ఇద్దరూ స్థానాలు మార్చుకున్నారు. జమ్మిచెట్టెక్కి ఆయుధాలు దించింది కూడా ఉత్తరుడే, వణుక్కుంటూనే. ఆ పూట యుద్ధమంతా రథం నడిపింది వాడే.

ఈ కథ ఇంటర్వ్యూలో చెబితే అయిదుకి అయిదు మార్కులొస్తాయి. పరిస్థితి, పని, చర్య, ఫలితం, నాలుగూ ఉన్నాయి. చెప్పాల్సినవాడు చెప్పలేదు. గెలిచి తిరిగొస్తూ అర్జునుడు ఉత్తరుడితో, మీ నాన్న దగ్గర గెలిచింది నేనేనని చెప్పుకో అన్నాడు. ఇందులో అర్జునుడి వినయం పెద్దగా ఏమీ లేదు. పాండవుల సంగతి అప్పుడే బయటపెట్టకూడదు, ఎవరి పేరో ఒకటి కావాలి. నాకు ఆశ్చర్యం ఉత్తరుడి దగ్గర. ఊళ్ళో జెండాలు కట్టారు. తండ్రి ఉబ్బిపోయి ఉన్నాడు. బృహన్నల సారథి అయితే గెలవక ఏం చేస్తాడు అన్నందుకు కంకుభట్టుని పాచికతో కొడితే, ఆయనకి రక్తం కూడా కారింది. అలాంటి సభలోకొచ్చి, పొద్దుటిదాకా కోతలు కోసిన ఆ కుర్రాడు నేను కాదు గెలిచింది, ఎవరో దేవకుమారుడు వచ్చి గెలిచాడు అన్నాడు. తన కథ తనే చెప్పుకున్నాడు, చెప్పగలిగినంత మేర.

తెలుగు భాష మాత్రం వాణ్ణి క్షమించలేదు. ఈనాటికీ ఉత్తరకుమార ప్రగల్భాలు అనే అంటాం, పొద్దున మాట్లాడింది గుర్తుపెట్టుకుని సాయంత్రం మాట్లాడింది మర్చిపోయాం. పాత అప్రైజల్ వదలని మేనేజర్లు కొందరుంటారు, భాష కూడా ఆ బాపతే.

బృహన్నల పద్ధతి మంచిది కనక ఫలితం మంచిదొచ్చింది అని నేను తేల్చేస్తే మీరు ఒప్పుకోకూడదు. కురుక్షేత్రంలో మొదటిరోజే ఏనుగెక్కి శల్యుడి మీదికి పోయి ఉత్తరుడు చచ్చిపోతాడు. ఖడ్గతిక్కనా చచ్చాడు, ఉత్తరుడూ చచ్చాడు. ఫలితం గడిలో ఇద్దరికీ ఒకటే అంకె పడుతుంది. అందుకే నాకు ఆ గడి మీద నమ్మకం లేదు. ఒకడికి మధ్యలో ఒక మనిషి తోడు పరిగెత్తాడు, ఇంకొకడికి పసుపుముద్ద పెట్టారు. ఆ తేడా ఏ గడిలోనూ పట్టదు.

యుద్ధాలు పక్కనపెట్టి ఒడ్డుకి వస్తాను. మా ఊరికీ పట్టపుపాలేనికీ మధ్య రెండు కిలోమీటర్లు. మాది సేద్యం ఇల్లు, చేపలవాళ్ళం కాదు, కానీ చిన్నప్పుడు సెలవుల్లో పొద్దున్నే అలివి వల లాగడం చూడ్డానికి పోయేవాళ్ళం. పెద్ద వల అది. ఒక తాడు కొస ఒడ్డున ఉంచి, పడవలో వలని అర్ధచంద్రంగా సముద్రంలో దించుకుంటూ పోయి, రెండో తాడు కొస దూరంగా ఇంకోచోట ఒడ్డుకి తెస్తారు. రెండు గుంపులు రెండు తాళ్ళూ పట్టుకుని లాగుతూ మెల్లగా దగ్గరికి జరుగుతుంటారు. ఒక గుంపు ముందు, ఇంకో గుంపు వెనక అయితే మధ్యలో సంచి పక్కకి పోతుంది, చేప జారిపోతుంది. గంటల తరబడి సాగే పని. ఒక్కో తాడుకి ఎంతమంది! అందులో ఎవడు ఎంత లాగుతున్నాడో ఎలా తెలుస్తుంది?

ఇదే ప్రశ్న ఫ్రాన్సులో మాక్స్ రింగెల్‌మాన్ అనే వ్యవసాయ ఇంజనీరుకి వచ్చింది. మనుషుల చేత తాడు లాగించి, ఒక్కడే లాగితే ఎంత బలం, గుంపుగా లాగితే ఎంత అని కొలిచాడు. ఆ లెక్కలు 1913లో అచ్చయ్యాయి. ఇద్దరు లాగితే ఒక్కొక్కడు తన బలంలో 93 శాతమే పెడుతున్నాడు. ఎనిమిది మంది లాగితే ఒక్కొక్కడిది 49 శాతం. అంటే ఎనిమిది మంది కలిసి నలుగురంత పని కూడా చెయ్యలేదు. అందరూ ఒకే క్షణంలో లాగకపోవడమే ముఖ్యమైన కారణమని ఆయన అనుకున్నాడు. 1974లో అమెరికాలో కొందరు ఇదే ప్రయోగాన్ని మార్చి చేశారు. ఒకడి కళ్ళకి గంతలు కట్టి, నీ వెనక ఇంకా మనుషులు లాగుతున్నారని చెప్పారు. నిజానికి వెనక ఎవరూ లాగడం లేదు. అయినా అతను తగ్గించే లాగాడు. తర్వాత దీనికి సోషల్ లోఫింగ్ అని పేరు కూడా వచ్చింది.

టీంలో ఎవడో ఒకడు వెనకబడ్డాడు అనుకునే మన ఇంటర్వ్యూ ప్రశ్నని ఈ తాడు పక్కన పెడితే ఏమవుతుంది? రింగెల్‌మాన్ లెక్కలో వెనకబడ్డవాడంటూ ఒకడు లేడు. అందరూ వెనకబడ్డారు, ఎవరికీ తెలియకుండా. దయగా కాఫీకి తీసుకెళ్ళేవాడు కూడా 49 శాతమే లాగుతుండవచ్చు.

అలివి వల దగ్గర దీనికి రెండు విరుగుళ్ళు ఉండేవి. ఒకటి హైలెస్సా. అందరూ ఒకే క్షణంలో లాగడానికి గొంతు కలపడం. రింగెల్‌మాన్ అన్న కారణానికి సరిగ్గా సరిపోయే మందు. రెండోది నోరు. ఎవడైనా తాడు ఊరికే పట్టుకుని నడుస్తుంటే పక్కవాడు గట్టిగా, అందరూ వినేట్టు, "ఏందబ్బయా, తాడు బట్టుకోని నిద్రబోతుండావా?" అనేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. వాడూ ఊరుకునేవాడు కాదు, రాత్రి నువ్వు తాగింది దిగిందా ముందు చెప్పు అని తిరగేసేవాడు. ఇది సున్నితమైన పద్ధతేం కాదు. మా ఆఫీసులో అంటే హెచ్చార్ దాకా పోతుంది. కానీ పసుపుముద్దకీ దీనికీ తేడా ఉంది. అన్నవాడు కూడా అదే తాడు పట్టుకుని ఉన్నాడు. విన్నవాడికి తిరిగి అనే వీలుంది. ఆ మాట ఆ ఒడ్డునే అయిపోయింది, ఇంకో పాలెంలో పని సంపాదించుకోడానికి ఎవరూ దాన్ని మోసుకుపోలేదు.

తాడు లాగలేని ముసలాయన ఒకాయన ఉండేవాడు. వచ్చిన తాడుని వచ్చినట్టు చుట్టలు చుట్టడం ఆయన పని. తాడు చుట్టేవాడు లేకపోతే లాగేవాళ్ళ కాళ్ళకి అడ్డం పడుతుంది. ఆయనకీ పాలుండేది. పడవ పాలూ వల పాలూ తీశాక మిగిలింది పంచుకునే దగ్గర, ఎవడు ఎంత లాగాడు అనే లెక్క నేను వినలేదు. అలాగని వాళ్ళని దేవతల్ని చెయ్యను. పంపకాల దగ్గర గొడవలు, వల ఆసామి ముందు తీసుకునే వాటా మీద సణుగుడు, అన్నీ ఉండేవి.

ఈ ప్రశ్న నాకు ఒకసారి బాగా అడ్డం పడింది. చాలా ఏళ్ళ కిందటి మాట. నా పక్క సీటతను, మా జిల్లావాడే, ఒక మూడు వారాలు పూర్తిగా జారిపోయాడు. పొద్దున స్టాండప్‌లో కళ్ళు ఎర్రగా ఉండేవి. ఇచ్చిన టిక్కెట్లు కదిలేవి కావు. వారం చివర మీటింగులో ఎవరి పేరు మీద ఎన్ని పెండింగో తెర మీద వేసి చదువుతుంటే అతని పేరే నాలుగుసార్లు వచ్చేది. ఒక సాయంత్రం టీ దగ్గర చెప్పాడు. ఊళ్ళో వాళ్ళకి రొయ్యల గుంటలు. నాన్నకి ఒంట్లో బాగాలేదు. రాత్రి కరెంటు పోతే ఏరియేటర్లు ఆగిపోతాయి. తెల్లారుజామున నీళ్ళలో ఆక్సిజన్ బాగా తగ్గుతుంది, ఆ సమయంలో జనరేటర్ వెయ్యడం ఆలస్యమైతే రొయ్య పైకి తేలిపోతుంది, నాలుగు నెలల మేత, అప్పు, అన్నీ దాంతోపాటే. కాపలా కుర్రాడు కొత్తవాడు. అందుకని ఇతను హైదరాబాదులో ఉండి రాత్రంతా రెండు గంటలకొకసారి ఫోన్ చేసి లేపుతున్నాడు. చెప్పి, "ఎవురికీ చెప్పబాక" అన్నాడు.

రొయ్యల దేశంలో పుట్టినవాడికి దీని బరువు వేరే చెప్పక్కర్లేదు. 1994, 95ల్లో తెల్లమచ్చ తెగులు వచ్చి మా వైపు గుంటలు ఎండిపోయినప్పుడు అప్పులపాలైన ఇళ్ళు నాకు తెలుసు. ఇంట్లో గుంట ఉందని, అది పోయేలా ఉందని బయటికి పొక్కితే అప్పిచ్చినవాడు గుమ్మంలో ఉంటాడు. అతను చెప్పొద్దన్నది మొహమాటానికి కాదు.

మేమేదో సర్దుకున్నాం. గుంటలు పట్టేశారు, కౌంటు పెద్దగా రాలేదు గానీ నష్టం రాలేదు. అతను మామూలైపోయాడు. ఏడాది తర్వాత నేను వేరే కంపెనీలో ఇంటర్వ్యూకి కూర్చుంటే ఈ ప్రశ్న వచ్చింది. నా దగ్గర దానికి ఇంతకన్నా మంచి కథ లేదు. పేరు చెప్పక్కర్లేదు, ఊరు చెప్పక్కర్లేదు. అయినా నోరు రాలేదు. పేరు తీసేస్తే రహస్యం దాగుతుంది, నిజమే. కానీ వాళ్ళ నాన్న ఒంట్లో బాగాలేకపోవడం, తెల్లారుజాము ఫోన్లు, ఇవన్నీ నా జీతం పెంచుకోడానికి సరుకవుతాయి. పేరు లేనంత మాత్రాన సరుకు సరుకు కాకుండా పోదు. నేను ఇలా చెప్పాను: "ఉన్నాడండి. కారణం నాకు చెప్పాడు, అది అతని సొంత విషయం, చెప్పను. నేను చేసింది ఇంతే: రెండు టిక్కెట్లు నా మీదికి మార్చుకున్నాను. మార్చుకున్నట్టు మేనేజరుకి చెప్పాను. చెప్పేముందు, చెప్తున్నానని అతనికి చెప్పాను." ఉద్యోగం వచ్చింది. ఆ జవాబుకి ఎన్ని మార్కులు వేశారో, మిగతా వాటికి ఎన్ని వేశారో ఎవరూ చెప్పరు కదా.

మరి ఇక్కడ రాస్తున్నావు కదా అంటారు. అతనికి పంపించి, సరే అన్నాకే రాస్తున్నాను. గుంట అని ఏకవచనం రాస్తే "మావి మూడు గుంటలు నాయనా" అని దిద్దాడు. ఇంకోటి కలిపాడు. నువ్వు రెండు టిక్కెట్లు తీసుకున్నావు సరే, ఆ మూడు వారాలూ నా కోడ్‌లో తప్పులు బగ్ ఫైల్ చెయ్యకుండా నేరుగా నా దగ్గరికొచ్చి చెప్పి వెళ్ళిన టెస్టింగ్ అమ్మాయి ఉంది, ఆమె సంగతి రాయవా అన్నాడు. ఆమె అలా చేస్తోందని నాకు ఇన్నేళ్ళూ తెలియదు. ఆమె ఎవరికీ చెప్పలేదు.

అన్నిచోట్లా రొయ్యల గుంటలుండవు. ఏ కారణమూ లేకుండా పని ఎగ్గొట్టేవాళ్ళూ ఉంటారు, పక్కవాళ్ళు శనివారాలు కూర్చుని ఆ పని చేస్తారు. వాళ్ళ కోపం న్యాయమైనదే. నోరుమూసుకోవడం గొప్పతనమని నేను అనను. తాడు దగ్గర కూడా ఎవరూ నోరుమూసుకోలేదు కదా. కానీ వెనకబడ్డాడు అని తేల్చేది ఎవరు, దేన్ని చూసి? మా పనిలో పనిని కళ్ళతో చూడలేం, దాని గురించి చెప్పే మాటల్ని చూస్తాం. పొద్దున స్టాండప్‌లో రెండు నిమిషాలు ఇంగ్లీషులో దంచగలిగినవాడు నిన్న ఏమీ చెయ్యకపోయినా చేసినట్టే ఉంటాడు. తెలుగు మీడియంలో చదివి, మా వైపు కాలేజీల్లో ఇంజనీరింగ్ చేసి వచ్చినవాడు రాత్రి పన్నెండు దాకా కూర్చుని బగ్ పట్టుకుని, పొద్దున ఒక్క ముక్కలో "డన్" అంటాడు. ఎవరు మందకొడి? ఇలాంటి తూకాలకి తోడు, ప్రతి ఏడూ ఇంతమందిని అడుగున పెట్టాల్సిందే అనే లెక్కలు. జనరల్ ఎలక్ట్రిక్‌లో జాక్ వెల్చ్ పైన 20, మధ్యలో 70, అడుగున 10 అని గీతలు గీశాడు. అడుగు పది శాతాన్ని పంపించెయ్యాలి. ఆ వంపుని ప్రపంచమంతా కాపీ కొట్టింది. మైక్రోసాఫ్ట్ 2013లో తన ర్యాంకుల పద్ధతి వదులుకుంది. ఆ లెక్క ఉన్నచోట వెనకబడ్డవాడు లేకపోతే ఒకణ్ణి తయారుచెయ్యాలి. పక్కవాడు జారిపోతే నీకు లాభం అని చెప్పే చోట, ఎలా హ్యాండిల్ చేశారని అడగడం కొంచెం హాస్యమే.

ఇంత సణుక్కుంటూ కూడా నేను ఆ ప్రశ్న అడుగుతూనే ఉన్నాను. ఫారంలో ఉంది, అడగకపోతే గడి ఖాళీగా ఉంటుంది, ఖాళీ గడిని సిస్టం ఒప్పుకోదు. కిందటేడు కావలి వైపు నుంచి ఒకమ్మాయి వచ్చింది, నాలుగేళ్ళ అనుభవం. ఆ ప్రశ్న అడిగితే కాసేపు చూసి, "ఆ మనిషిని నేనే సార్" అంది. మొదటి ప్రాజెక్టులో ఆర్నెల్లు ఏమీ చెయ్యలేకపోయిందట. అమెరికా వాళ్ళతో కాల్స్‌లో మాటలు అందేవి కావు. వాళ్ళ లీడ్ ఒకావిడ, ఈమెని కాల్స్ నుంచి తప్పించి, పాత కోడ్‌కి టెస్టులు రాయమని కూర్చోబెట్టింది. ఆ కోడ్ మొత్తం చదివేసరికి, కాల్స్‌లో మాట్లాడేది దేని గురించో అర్థమవడం మొదలైందట. "మేడం నన్ను హ్యాండిల్ చేసినట్టు నాకనిపించలా సార్. పని ఇచ్చిందనుకున్నా. తర్వాత తెలిసింది."

నా పక్కన కూర్చున్న ప్యానెల్ సభ్యుడు ఫారంలో రాసింది: ప్రశ్నకి జవాబు చెప్పలేదు. రెండు మార్కులు. నేను అయిదు వేశాను. ఆమె బయట కూర్చుని ఉండగా మేమిద్దరం పది నిమిషాలు వాదించుకున్నాం. అతని వాదన తీసిపారెయ్యదగ్గది కాదు. మనకి కావాల్సింది రేపు జూనియర్లని నడిపేవాళ్ళు, ఈమె నడిపించబడిన కథ చెప్పింది, నడిపిన కథ చెప్పలేదు అన్నాడు. పగ్గాలు ఎలా చేతికిస్తారో తెలిసిన మనిషి ఈ గదిలోకి ఇప్పటిదాకా ఎవరొచ్చారు చెప్పండి అన్నాను నేను. సగటు మూడున్నర. తర్వాతి రౌండుకి వెళ్ళింది.

అప్పట్నుంచి నేను ఫారంలో ఉన్న ప్రశ్న అడిగాక ఇంకోటి కూడా అడుగుతున్నాను: మీరు వెనకబడ్డ రోజుల్లో మిమ్మల్ని ఎవరు ఎలా చూసుకున్నారు? కొంతమంది నేనెప్పుడూ వెనకబడలేదండి అంటారు. ఎక్కువమంది ఒక గుక్క నీళ్ళు తాగుతారు. ఆ తర్వాత వచ్చే జవాబులు యూట్యూబ్‌లో లేవు. ఒకతను తన పాత మేనేజర్ పేరు చెప్పి, ఆయన ఇప్పుడు ఎక్కడున్నాడో కనుక్కోవాలండి అన్నాడు. ఇంకొకామె ఎవరూ చూసుకోలేదండి, రెండు నెలలు పిప్‌లో పెట్టారు, బయటికొచ్చేశాను అంది. ఆ ప్రశ్నకి ఫారంలో గడి లేదు. 'ఇతర వ్యాఖ్యలు' అన్నచోట రాస్తుంటాను, అందులో మూడు వందల అక్షరాలకి మించి పట్టవు.